బరంపురంలో పిల్లలతో రెండు రోజులు

పూణెలో పుట్టి పెరిగిన మా మేనల్లుళ్లు మొన్న శనివారం బరంపురం వచ్చారు. స్టేషన్ నుంచి వచ్చే ఆటోలోనే చిన్నవాడు అడిగేశాడు: "మామయ్యా, మనం ఆంధ్రా నుంచి ఒడిశాకి ఎప్పుడొచ్చాం?" ఊరు తిప్పుతూ చెబుదాం లెమ్మన్నాం.

మొదట బడాబజారు. శనివారం సాయంత్రం అక్కడ ముందువాళ్ల వీపు చూసుకుంటూ నడవడమే. బండి తీసుకెళ్లడం మా బుద్ధితక్కువ. పట్టుచీరల కొట్టాయన ఒడియాలో బేరం మొదలుపెట్టి, మా అమ్మ "అంచు ఇంకాస్త పెద్దది చూపించు నాయనా" అనగానే తెలుగులోకి దిగిపోయాడు. ఇక్కడ పట్టు నేసే దేవాంగులు మహురి రాజుల కాలంలో తెలుగు సీమ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల కులపెద్దను దేశిబెహెరా అంటారు. రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి పుట్టింటికొచ్చిందని ఊరంతా జాతర చేస్తుంది. ఆ పుట్టిల్లు దేశిబెహెరా వీధిలోనే. ఊరి అమ్మవారికి తెలుగు నేతవాళ్లు పుట్టింటివారన్నమాట!

"వాళ్లు వచ్చారు సరే, మరి మనం?" పెద్దవాడు వదల్లేదు.

ఆ రాత్రి ట్రంకుపెట్టె దించాం. ముత్తాత ఇంటి దస్తావేజు తెలుగులో ఉంది, పైన 'మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా' అని. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. బరంపురం అటు చేరింది, పక్కనే ఉన్న ఇచ్ఛాపురం మద్రాసులోనే ఉండిపోయింది. ముత్తాత ఇల్లు మారలేదు, రాష్ట్రం మారింది. ఇచ్ఛాపురంలో ఇచ్చిన మేనత్తలు ఒక్క రోజులో పరాయి రాష్ట్రం కోడళ్లయిపోయారు. ఒడియావాళ్ల వైపు నుంచి చూస్తే అది న్యాయమే అనాలి. మద్రాసు కింద బడిలో, కచేరీలో తమ భాషకు చోటు చాలకనే 1903లో ఉత్కళ సమ్మిళని పెట్టుకుని పట్టుబట్టారు. ఈ మాటంటే మా నాయనమ్మకి మాత్రం కోపం వచ్చేది.

పిల్లలు దస్తావేజు చదవలేకపోయారు. వాళ్లననడానికి లేదు, ఇక్కడ ఒడియా బడిలో చదివిన మా పిల్లలూ అంతే. నలుగురూ కూడబలుక్కుని ముత్తాత సంతకం దాకా వచ్చి ఆగారు.

ఆదివారం పొద్దున్న వి.వి.గిరి గారి ఇల్లు చూపించాం. 1894లో ఈ ఊళ్లోనే పుట్టారాయన. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. రాష్ట్రపతి అయినాయన ఇల్లు ఇప్పుడు ఆడపిల్లల బడి. సెలవు కాబట్టి గేటు బయట నుంచే.

అక్కణ్ణుంచి 16 కిలోమీటర్లు గోపాల్‌పూర్. సముద్రం ఒడ్డున ఇసకేస్తే రాలనంత జనం. పాత రేవు స్తంభాల దగ్గర కూర్చున్నాం. ఒకప్పుడు ఈ జిల్లా తెలుగు కూలీలు, ఒడియా కూలీలు ఇక్కడే రంగూన్ ఓడ ఎక్కేవారు. నాయనమ్మ అన్నగారూ అలాగే వెళ్లాడు. 1942లో జపాన్ బర్మాను పట్టుకున్నప్పుడు లక్షలమంది అడవుల్లో నడిచి తిరిగొచ్చారు. ఆయన రాలేదు. కొన్నేళ్లపాటు రేవు నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ నాయనమ్మ అడుగుతూనే ఉండేదట.

తిరుగు బస్సులో నిలబడే వచ్చాం. దస్తావేజు ఫొటో తీసి పంపమన్నాడు పెద్దవాడు, కింద ఒక్కో అక్షరం విడదీసి రాయమన్నాడు. మొదటి పేజీ పంపాం. ఇంకా మూడున్నాయి.