బీటెక్ తర్వాత ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్.. ఎవరికి సూటవుతుంది?

ముక్తేశ్వరం: కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వస్తుంటే గౌతమిలో రైలు వంతెన పిల్లర్లు కనిపిస్తాయి. కోటిపల్లి-నరసాపురం లైను 2000-01లో మంజూరైంది. పొడవు 57 కిలోమీటర్లే. కానీ భూసేకరణ, నిధుల దగ్గరే ఏళ్లు గడిచిపోయాయి. పిల్లరు నిలబెట్టడం ఇంజినీరింగ్. భూమి, డబ్బు, కాంట్రాక్టర్లు, గడువు.. వీటన్నింటినీ దారిలో పెట్టడం మేనేజ్‌మెంట్.

మాస్టర్ ఆఫ్ ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ (ఎంఈఎం) నేర్పేది ఈ రెండో పనినే. ప్రాజెక్టు ప్లానింగ్, ఖర్చుల లెక్క, సప్లై చెయిన్, క్వాలిటీ ఎక్కువ. డిజైన్, కోడింగ్ తక్కువ.

అమెరికాలో డ్యూక్, డార్ట్‌మత్ లాంటి వర్సిటీల్లో ఈ కోర్సు ఉంది. స్టెమ్ కోర్సు అయితే 12 నెలల ఓపీటీకి మరో 24 నెలలు కలుస్తాయి. మనవాళ్లను ఎక్కువగా లాగేది ఇదే! అయితే ఐ-20లో కోర్సు కోడ్ చూసుకోవాల్సిందే.

అసలు చిక్కు వేరే ఉంది. పనిచేసిన అనుభవం లేని ఫ్రెషర్‌కి టీమ్‌ను అప్పగించే కంపెనీలు తక్కువ. కొబ్బరి తోట తాకట్టు పెట్టి వెళ్లేవాళ్లు ఇది ముందే లెక్కేసుకోవాలి. రెండు మూడేళ్లు సైటులోనో, ప్లాంటులోనో చేసి, షెడ్యూళ్లు, వెండర్లు, బిల్లుల తలనొప్పి కూడా నచ్చిందంటే ఎంఈఎం పనికొస్తుంది. డ్రాయింగ్, కోడ్ ముందు కూర్చుంటేనే హాయి అనుకుంటే ఎంటెక్, ఎంఎస్ మేలు.

ఇక్కడే చదవాలంటే క్యాట్ రాసి ఐఐఎం ముంబైకి ప్రయత్నించొచ్చు. 2023 వరకు నిటీగా ఉన్న ఆ సంస్థకు ఆపరేషన్స్, సప్లై చెయిన్‌లో పేరుంది.