బందరు రేవున దిగిన మాటలు

మచిలీపట్టణమును మనవారు నేటికిని బందరనియే వ్యవహరింతురు. పారసీక భాషలో బందరనగా రేవు. నావికులు రేవును రేవనుచుండగా అదియే ఊరి పేరై నిలిచినది. హిందీ తెలిసినవారు ఈ మాట వినగానే కోతిని తలచుకొని నవ్వుదురు. ఆ నవ్వు బందరు వారికి క్రొత్త గాదు.

మాటకు అర్థము నిచ్చువారెవరు? నిఘంటుకారులా? ఈ ప్రశ్నకు సమాధానము బందరు పేటలలో దొరకునని మా తలంపు. 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును, 1669లో ఫ్రెంచివారును ఈ రేవున వర్తకమునకు దిగిరి. డచ్చివారి దేశము హాలండు. పోర్చుగీసువారు దానిని ఒలాండ యందురు. మనవారి నోట వారు వలందులైరి. వారి పేర వెలసినది వలందపాలెము. ఫ్రెంచివారిది పరాసుపేట, మూడవది ఇంగ్లీషుపాలెము. ఈ పలుకుబడులను ఏ సభయు నిర్ణయింపలేదు. పడవవారు, అద్దకపుపనివారు, బేరగాండ్రు పలుకగా పలుకగా స్థిరపడినవి. దొరలు వెడలిపోయిరి గాని పేర్లు పోలేదు.

పోర్చుగీసువారికి దక్కిన పేరు మరింత ముచ్చటైనది: బుడతకీచులు. తెలియని శబ్దమున తెలిసిన మాటలను వెదకుకొనుట చెవికి స్వభావము. బుడత యనగా పిల్లవాడు, కీచుమనుట యొక అరపు. ఇందు కొంత వేళాకోళమును కలదని తోచుచున్నది.

వేలము, పీపా, మేస్త్రి, బొత్తాము, ఇస్త్రీ, అలమార: ఇవియు పోర్చుగీసు మాటలే. వీనికి వస్తువుతోనో పనితోనో అర్థము వచ్చినది. దారిలో అర్థము మారిన మాటలు వేరు. పారసీకమున ఖరీదనగా కొనుట. అంగడిలో ఖరీదెంత యని అడుగగా అడుగగా కొనుటపోయి వెల మిగిలినది. దుబారా యనగా అచ్చట రెండవమారు. మన యింట వ్యర్థవ్యయము. రాజీ యనగా సమ్మతించినవాడు. మనకది తగవు తీర్పు. ఇట్టి మాటలను తప్పులని త్రోసివేయుట న్యాయము గాదు. బందరులో కొలువు చేసిన బ్రౌనుదొర వీనికై 1854లో ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను.

క్రొత్త మాటకే గాదు, పాత మాటకును జనులే అర్థము పోయుదురు. ఉప్పెన యనగా సముద్రము పొంగి నేలపైకి వచ్చుట. 1864లో బందరును ముంచినదియు ఉప్పెనయే; నాడు సుమారు 30,000 మంది మరణించిరి. కాని అవనిగడ్డ ప్రాంతమున విశేషణ మేమియు లేక ఉప్పెన యన్నచో అది 1977 నవంబరు 19 నాటిదే. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు గ్రామములు ఆనాడు తుడిచిపెట్టుకొనిపోయినవి. 2021లో అదే పేర నొక ప్రేమకథా చలనచిత్రము వచ్చినది. ఇతర ప్రాంతముల యువకులకు ఆ మాట వినగానే పాటలు స్ఫురించును. దివిసీమ పెద్దలు మాత్రము బిడ్డల వయస్సును ఉప్పెనకు ముందు, ఉప్పెనకు వెనుక అని చెప్పుకొందురు.