కథలు నేర్పిన బాల్యము

తెలుగున బాలుర కథాసాహిత్యమును గూర్చి విచారించువారు సాధారణముగా నీతిచంద్రికతో నారంభింతురు. 1853లో పరవస్తు చిన్నయసూరి ప్రకటించిన ఆ గ్రంథము పెక్కు తరముల విద్యార్థులకు పాఠ్యమైనది. కాని పుస్తకము చేరని ఊళ్లలో పిల్లలు ఏ కథలు వినిరి? ఆ కథలు బాల్యమును ఎట్లు భావించినవి? ఈ ప్రశ్నలను విడిచినచో మన బాలసాహిత్య చరిత్ర సగమే యగును.

బంట్వారము ప్రాంతమును ఉదాహరణముగా గైకొందము. తాండూరు, వికారాబాదుల నడిమి సీమతో కూడిన ఈ భాగము 2016 నుండి వికారాబాదు జిల్లాలో నున్నది. పడమట కన్నడదేశము. నిజాము పాలనలో రాజభాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు అదియే. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1943లో సారస్వత పరిషత్తు వెలసి తెలుగునకు అండయైనవి. అయినను బడి యెరుగని పల్లెబాలునకు తొలి తెలుగు వాచకము అవ్వ నోటి కథయే యనుట అతిశయోక్తి కాదు.

నీతిచంద్రికకు మూలములైన పంచతంత్ర హితోపదేశముల దృష్టి స్పష్టమైనది. పంచతంత్రమున అమరశక్తి యను రాజునకు ముగ్గురు కొడుకులు చదువు రానివారు. విష్ణుశర్మ ఆరు మాసములలో వారిని నీతివిదులను జేయుదునని పూనికొనెను. ఇట బాల్యము ఒక లోపము. కథ దానికి ఔషధము. కథలోని పాత్రలు రాజులు, మంత్రులు, మిత్రులు, వంచకులు. వినువారు బాలురైనను కథలో బాల్యమునకు చోటు స్వల్పము. మిత్రలాభమున చిత్రగ్రీవుడు వలలో చిక్కియు, ముందు తన పరివారపు బంధములు కొరుకుమని హిరణ్యకుని కోరును. ఇది మేలిపాఠము. మిత్రభేదమున దమనకుని కొండెములకు సంజీవకుడు బలియగును. కొండెగాడు మాత్రము కృతార్థుడగును. పెరుగుట యనగా లోకపు కపటమును గుర్తించుట యని దీని యాశయము.

తెలుగునాట ఊరూర వినవచ్చు ఏడు చేపల కథ మరియొక త్రోవను బట్టినది. రాజు కొడుకులు తెచ్చిన చేపలలో ఒకటి ఎండలేదు. ఎందుకని యడుగగా అది గడ్డిమేటును జూపును. గడ్డిమేటు ఆవును, ఆవు కాపరిని, కాపరి అన్నము పెట్టని అవ్వను, అవ్వ ఏడ్చిన పిల్లవానిని, పిల్లవాడు కుట్టిన చీమను జూపుదురు. తన పుట్టలో వేలు పెట్టినచో కుట్టనా యని చీమ యెదురు ప్రశ్న వేయును. అంతటితో కథ ముగియును.

ఇది వట్టి గొలుసుకథ, జ్ఞాపకశక్తికి సాధనమే యని కొంద రనవచ్చును. సాధన మగుట నిజమే. కాని గొలుసులోని క్రమము గమనింపదగినది. ప్రతివారును తప్పును తరువాతివారిపై నెట్టుదురు. ఆ నెట్టుడు పెద్దలను దాటి పసివాని వరకు వచ్చును. వానికిని ఒక కారణము కలదని కథ యొప్పుకొనును. కడపట అల్పమైన చీమకును తన ఇల్లు తనకు ప్రియమని తెలుపును. ఎవరికిని దండన లేదు. కార్యమునకు కారణము వెదకుట, ఇతరుల హద్దు నెరుగుట: ఈ రెండు పాఠములును ఉపదేశవాక్యము లేకయే బాలునకు అందును. పంచతంత్రమున కథలోపల ప్రశ్నించు బాలుడు కానరాడు. ఇట ప్రశ్నయే కథ.

ఈ రెండు త్రోవలను అచ్చుపత్రికలు కొంత కలిపినవి. న్యాయపతి రాఘవరావు దంపతుల 'బాల' 1945లోను, 'చందమామ' 1947 జూలైలోను వెలువడినవి. చందమామలోని బేతాళకథలు పాతచట్రమున క్రొత్తకథలను ఇమిడ్చి, సమాధానము తెలిసియు పలుకకుండుట తప్పని నేర్పినవి. తీర్పు చెప్పువాడు విక్రమార్కుడే యైనను, అతని కంటె ముందు ఆలోచించు అవకాశము చదువరి బాలునకు దొరకినది.

కావున బాల్యపాఠములను గ్రంథములందే వెదకుట చాలదు. తెలుగు జానపద గేయములను శాస్త్రీయముగా పరిశోధించి బిరుదురాజు రామరాజు మార్గము చూపిరి. అదే శ్రద్ధతో బంట్వారము వంటి సరిహద్దుసీమలలో పిల్లల కథల పాఠాంతరములను, తెలుగు కన్నడ ఉర్దూ భాషల మేళనముతో సహా, సేకరింపవలయును. కథ చెప్పు వృద్ధులు తరలిపోవుచున్నారు. వారితోడ పోవునది వినోదమే కాదు. పిల్లవానికి ప్రశ్నించు హక్కు నిచ్చిన ఒక విద్యావిధానము.