పటాన్‌చెరు నుంచి నాగ్‌పుర్‌కు కారులో వెళ్తున్నారా? ఇవి తెలుసుకోండి

పటాన్‌చెరు, సంగారెడ్డి నుంచి సొంత కారులో నాగ్‌పుర్‌ వెళ్లేవారికి ప్రధాన దారి 44వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మారకముందు దీన్నే ఎన్‌హెచ్‌-7 అనేవారు. బయలుదేరే ముందు టోల్‌, అత్యవసర సాయం గురించి తెలుసుకుంటే మంచిది.

ఎలా వెళ్లాలి?
ముత్తంగి వద్ద ఔటర్‌ రింగ్‌ రోడ్డు ఎక్కి, మేడ్చల్‌ దగ్గర దిగితే ఎన్‌హెచ్‌-44 వస్తుంది. కామారెడ్డి, ఆర్మూర్‌, నిర్మల్‌, ఆదిలాబాద్‌ మీదుగా వెళ్లి పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర.

వార్షిక పాస్‌ ఉంటే టోల్‌ కట్టక్కర్లేదా?
జాతీయ రహదారుల ఫాస్టాగ్‌ వార్షిక పాస్‌ 2025 ఆగస్టు 15న రూ.3,000 ధరతో మొదలైంది. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే వర్తిస్తుంది. ఔటర్‌పై ఈ పాస్‌ పనిచేయదు. అందుకే ఫాస్టాగ్‌లో విడిగా బ్యాలెన్స్‌ ఉంచుకోండి. ఫాస్టాగ్‌ లేకపోయినా, పనిచేయకపోయినా జాతీయ రహదారిపై నగదుకు రెట్టింపు, యూపీఐకి 1.25 రెట్ల రుసుము వసూలు చేయాలని 2025 నవంబరు 15న అమల్లోకి వచ్చిన నిబంధనలో నిర్ణయించారు.

అడవిలో బండి ఆగిపోతే?
నిర్మల్‌ దాటాక కొండలు, అడవులు మొదలవుతాయి. మహారాష్ట్రలో రోడ్డుకు దగ్గర్లోనే టిపేశ్వర్‌ పులుల అభయారణ్యం ఉంది. అక్కడి పులులు ఆదిలాబాద్‌ వైపూ వస్తుంటాయి. వీలైనంతవరకు ఈ భాగాన్ని పగలే దాటండి. బండి ఆగితే పక్కకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వేసి 1033కు ఫోన్‌ చేయండి. జాతీయ రహదారులపై ఇది 24 గంటలూ పనిచేసే ఉచిత నంబరు. క్రేన్‌, అంబులెన్స్‌, గస్తీ వాహనం పంపిస్తారు. దగ్గర్లోని కిలోమీటరు రాయిపై ఉన్న అంకె, మీరు ఏ వైపు వెళ్తున్నారో చెబితే త్వరగా చేరుకుంటారు. మీ సిమ్‌కు సిగ్నల్‌ లేకపోతే 112కు ప్రయత్నించండి. అందుబాటులో ఉన్న వేరే నెట్‌వర్క్‌ ద్వారా కాల్‌ కలిసే వీలుంది.

ప్రమాదం జరిగితే?
కేంద్రం 2025 మేలో నోటిఫై చేసిన పథకం కింద, క్షతగాత్రులకు ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి గరిష్ఠంగా రూ.1.5 లక్షల నగదురహిత చికిత్స అందుతుంది. డబ్బు కట్టలేమని ఆలస్యం చేయకండి. మీరు దారిన పోతూ సాయం చేసినా భయం అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్‌ ప్రకారం, పేరు, వివరాలు చెప్పాలని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు.