గండిపేట దారిలో సైకిళ్లు

జూబ్లీహిల్స్‌లో ఇళ్ల కాలనీ మొదలైంది 1960ల్లో. అప్పటికి అక్కడ ఉన్నవి బండరాళ్ల గుట్టలు, ముళ్లపొదలే. సినీ పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చి ఫిలింనగర్ నిండాక గుట్టదారులన్నీ కార్లపాలయ్యాయి. ప్రశాంతంగా సైకిల్ తొక్కాలనుకునేవారు పడమటివైపు, గండిపేటకు సాగారు.

ఆ పల్లెదారులు అంతకాలం ఖాళీగా ఉండటానికి కారణం నీళ్లు. 1908 మూసీ వరదల తర్వాత అక్కడ కట్టిన ఉస్మాన్‌సాగర్ జలాశయం 1920లో పూర్తయింది, హిమాయత్‌సాగర్ 1927లో. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996లో వచ్చిన జీవో 111, 84 గ్రామాల్లో భారీ కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. చెరువుల కోసం తెచ్చిన ఈ ఉత్తర్వు సైకిలిస్టులకూ వరమైంది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలాయి. ఇది విచారించదగ్గ మార్పే.

ఇంకా దూరం వెళ్లేవారు చేవెళ్ల మీదుగా మూసీ పుట్టిన అనంతగిరి కొండలెక్కుతారు. ఆ దారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల మేర, రోడ్డుకు రెండువైపులా సుమారు 900 మర్రిచెట్లు. ఊడలు దిగిన కొమ్మలు పైన కలుసుకుని, ఎండవేళ కూడా తారు మీద నీడ పరుస్తాయి. నాలుగు వరుసల విస్తరణకు వాటిని కొట్టకూడదన్న వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చేరింది.

వాహనాలు చొరబడని దారి 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెరుచుకుంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరులను కలిపే ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ వెడల్పు 4.5 మీటర్లు. పైకప్పుగా వేసిన సౌర ఫలకాల సామర్థ్యం 16 మెగావాట్లు.