సాము చేసిన కాళ్లు

1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు ఆయన వెంట నడిచినవాళ్లలో కట్టుబడులు చాలామంది ఉన్నారు. పాలెగాడి కింద ఊళ్లకు కాపలా కాసి, పిలుపు వస్తే ఆయుధం పట్టి కదిలి, అందుకు బదులుగా మాన్యం అనుభవించినవాళ్లు వీళ్లు. 1800లో నిజాం ఈ రాయలసీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక థామస్ మన్రో పాలెగాళ్ల బలగాలను అణచివేశాడు. తర్వాతి దశాబ్దాల్లో కట్టుబడి మాన్యాలు కూడా ఒక్కొక్కటిగా సర్కారు పాలయ్యాయి. ఈ చరిత్రను మనం భూమి కథగానో పౌరుషం కథగానో చెప్పుకుంటాం. అందులో కాళ్ల కథ కూడా ఉంది. ఎర్రమలకూ నల్లమలకూ నడుమ, కుందూ ఒడ్డు నల్లరేగడిలో, గుర్రం ఎక్కే తాహతు లేని కాపలా మనిషికి నడకే బతుకు. వానకు మోకాటిలోతు దిగబడి, ఎండకు నెర్రెలు విచ్చే ఆ నేలలో రాత్రంతా తిరిగి తెల్లారి మళ్లీ పనికి సిద్ధమయ్యే కాళ్లు ఊరికే రావు. వాటిని తయారుచేసిన విద్య సాము, అది నేర్చే చోటు గరిడీ లేదా తాలింఖానా. ఇవాళ కరాటేకో తైక్వాండోకో కర్రసాముకో వెళ్లే పిల్లలను వేధించే పిక్కనొప్పికీ, ఎంత లాగినా వంగని తొడలకూ కారణం వాళ్ల వయసులోనో వంశంలోనో వెతకడానికి ముందు, ఆ విద్యలో ఏది మిగిలి ఏది తెగిపోయిందో చూడాలంటాను. పట్లూ అడుగులూ మిగిలాయి. వాటికి ముందూ వెనకా ఉండాల్సిన దినచర్య పోయింది.

మాటలతోనే మొదలుపెట్టవచ్చు. 'సాము' అనేది 'శ్రమ'కు తద్భవం. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో సంకలనం చేసిన 'మానసోల్లాసం' మల్లుల సాధన గురించి చెబుతూ ఇదే మాటను వాడుతుంది: బరువులెత్తడం భారశ్రమ, నడక భ్రమణశ్రమ, ఈత సలిలశ్రమ, స్తంభాన్ని పట్టుకుని చేసేది స్తంభశ్రమ. మల్లుడికి నడకను కూడా సాధనలో భాగంగా లెక్కవేశారన్నది గమనించాల్సిన సంగతి. అది దారి గడవడానికి నడిచే నడక కాదు, కాళ్లను కుస్తీకి సిద్ధం చేసే సాము. ఆ తర్వాత కర్నూలు, కడప నవాబుల కాలం వచ్చేసరికి ఈ విద్యలో తాలీం, వస్తాదు, పహిల్వాన్ లాంటి మాటలు కుదురుకున్నాయి. పాతవి పోకుండా కొత్తవి వచ్చి చేరాయి కాబట్టే ఒకే గోదాలో గురువును వస్తాదు అంటూ, చేసే పనిని సాము అంటూ మాట్లాడటం మనకు సహజమైపోయింది. పేర్లు ఎవరివైనా పని వరస మాత్రం పెద్దగా మారలేదు.

ఆ వరస ఎలాంటిదో పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్ రాతల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన ఈయన కృష్ణదేవరాయల ఉదయపు అలవాట్లను ఒకదాని వెంట ఒకటిగా రాసిపెట్టాడు. తెల్లవారక ముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకుని, గోచీ బిగించి, మట్టితో చేసిన బరువులు ఎత్తుతాడు. తర్వాత ఆ నూనె అంతా చెమటలో కారిపోయేదాకా కత్తి తిప్పుతాడు. అప్పుడుగానీ తన మల్లుల్లో ఒకడితో కుస్తీకి దిగడు. ఆపైన తెల్లవారేదాకా గుర్రపు స్వారీ, దాని తర్వాత స్నానం. చదివినవాళ్లందరూ ఇందులో రాజు బలాన్ని చూసి మెచ్చుకుంటారు. నాకు వరసే ముఖ్యమనిపిస్తుంది. ఒళ్లు వేడెక్కి చెమట పట్టాకే పట్టు. కుస్తీలో తొడా గజ్జా అకస్మాత్తుగా చాచుకోవాల్సి వస్తుంది. చల్లటి కండ అక్కడే చిరుగుతుంది. 1970లో బ్రూస్‌ లీ అంతటివాడు ఒళ్లు వేడెక్కించుకోకుండా మెడ మీద బరువు పెట్టుకుని నడుము వంచి, నెలల తరబడి మంచం పట్టాడు. రాయలకు తెలిసిన క్రమం ఒక్కరోజు తప్పినందుకు ఆయన చెల్లించిన మూల్యం అది.

ఇక గరిడీ సాధనకు గుండెకాయ లాంటి దండీలూ బస్కీలూ. బస్కీ అంటే పూర్తిగా గొంతుకూర్చుని లేవడం, మళ్లీ కూర్చోవడం. దిగేటప్పుడు తొడ కండ బరువు మోస్తూనే సాగుతుంది. చీలమండ, మోకాలు, తుంటి మూడూ చివరిదాకా వంగుతాయి. అంటే గరిడీలో బలానికి ఒక వ్యాయామం, ఒంపుకు వేరే వ్యాయామం అనే విభజన లేదు. 'ఒళ్లు వంచి పనిచేయడం' అనే మన నుడికారంలోనే ఆ రెండూ కలిసి ఉన్నాయి. పూర్తి ఒంపులో చేసే బలసాధన, కదలకుండా సాగదీసి ఉంచే వ్యాయామాలకు దాదాపు సమానంగా కీళ్ల కదలికను పెంచుతుందని ఇటీవలి వ్యాయామశాస్త్ర అధ్యయనాలు చెబుతున్నాయి. ఆటకు ముందు ఒక్కో కండను నిమిషానికి మించి కదలకుండా సాగదీస్తే కాసేపు దాని బలం తగ్గుతుందని కూడా అవే చెబుతున్నాయి. తరగతిలోకి రాగానే పిల్లవాడి కాళ్లు రెండు పక్కలకూ చాపించి, వెనక నుంచి భుజాలు నొక్కే శిక్షకుడు ఈ రెండు మాటలూ వినాలి.

నొప్పి విషయంలోనూ మన భాష మనకంటే జాగ్రత్తగా ఉంది. ఒళ్లు తీపులు వేరు, సలుపు వేరు, పోటు వేరు. అలవాటు లేని పని చేసిన ఒకటి నుంచి మూడు రోజుల్లో కండలు బిగుసుకుని, ముట్టుకుంటే నొచ్చి, దానంతటదే తగ్గేది తీపు. 1902లో థియోడర్ హాఫ్ అనే శరీరశాస్త్రవేత్త ఇలాంటి నొప్పిని విడిగా గుర్తించి వర్ణించాడు. తీపు ఉన్నప్పుడు తేలికగా కదలడమే మందు. అడుగు పెట్టగానే ఒకేచోట పొడిచినట్టుండే పోటు అలాంటిది కాదు. అక్కడ ఆగాలి, చూపించుకోవాలి. ఆయుర్వేద గ్రంథం 'అష్టాంగహృదయం' వ్యాయామాన్ని తన శక్తిలో సగం దాకానే చేయమంటుంది. అదీ చలికాలంలో, వసంతంలో. మిగతా రుతువుల్లో ఇంకా తగ్గించమంటుంది. చేశాక ఒళ్లంతా మర్దన చేసుకోమంటుంది. రోజువారీ నూనె అంటుకోవడంలో పాదాలను ప్రత్యేకంగా మరిచిపోవద్దంటుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే సీమకు ఈ రుతువుల లెక్క పుస్తకంలో మాట కాదు, ప్రాణానికి సంబంధించిన సంగతి.

గరిడీయే కాళ్లను తయారుచేసిందన్న ఈ వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఆ కాలంలో కలుపు తీసినా, వంట చేసినా, మాట్లాడుకున్నా గొంతుకూర్చునే కదా, కాళ్లు వంగడానికి గరిడీ దాకా ఎందుకు అని. నిజమే, కుర్చీ ఎరగని బతుకు సగం పని ముందే చేసిపెట్టింది. అయితే ఆ ఒంపు కిందికి కూర్చోవడానికి సరిపోతుంది, కర్ర చుట్టూ ఒంటికాలి మీద తిరగడానికి చాలదు. పొలం ఇచ్చిన ఒంపు మీద గరిడీ బలాన్నీ వేగాన్నీ పేర్చింది. ఇప్పటి పిల్లలకు కింది వరసే లేదు, మీది వరస ఒక్కసారిగా ఎక్కిస్తున్నాం. రెండో అభ్యంతరం మర్దన మీద: నూనెలో మహిమ ఏముందని. పరిశోధనల్లో మర్దన వల్ల కండల నొప్పి కొంత తగ్గినట్టు తేలింది, అంతకుమించి పెద్ద అద్భుతాలేవీ తేలలేదు. నేను కూడా నూనెకు మహిమ అంటగట్టను. కాళ్లు పట్టేవాడి చేతికి ఎక్కడ కండ గట్టిపడిందో, ఎక్కడ ముట్టుకుంటే మనిషి ఉలిక్కిపడుతున్నాడో రోజూ తెలిసేది. ఆ రోజువారీ తనిఖీయే అందులో అసలు వైద్యం. మూడో అభ్యంతరాన్ని మాత్రం తోసిపుచ్చలేను. వందల బస్కీలు లెక్కపెట్టి తీయించే గరిడీలు మోకాళ్లను అరగదీసిన సందర్భాలుంటాయి. ఆడపిల్లలకు ఆ గడప దాటే వీలే ఉండేది కాదు. పాత గరిడీని ఉన్నదున్నట్టు తెచ్చి నిలబెట్టమని నేను అనడం లేదు. దాని దినచర్యను తెచ్చుకోమంటున్నాను.

ఆ దినచర్య ఉచితంగా వచ్చింది కాదు. రోజూ తెల్లవారుజామున రెండు గడియలు ఒంటి మీద ఖర్చు పెట్టాలంటే ఆ మనిషి తిండికి ఎవరో పూచీ పడాలి. కట్టుబడికి ఆ పూచీ మాన్యం. మాన్యం పోయిన రోజున పోయింది భూమి ఒక్కటే కాదు, సాము చేసే పొద్దు కూడా. 1839లో కర్నూలు నవాబు ఆయుధశాలను చూసి బెదిరిన కంపెనీ ఆయన రాజ్యాన్నే కలుపుకుంది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీసి, ఆయన తలను మూడు దశాబ్దాల పాటు కోట మీద వేలాడదీసింది. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. ఒంటి విద్యను నమ్ముకుని బతకడం అసాధ్యమైన చోట అది పండుగ విద్యగా మారింది. వైద్యం సాధన నుంచి విడిపోయి వేరే వృత్తిగా నిలిచింది. సీమ దక్షిణపు కొసన పుత్తూరు దగ్గర వెదురుబద్దలతో, ఆకు పసరుతో ఎముకలు కట్టే కుటుంబాల దగ్గరికి ఇప్పటికీ దూరదూరాల నుంచి జనం వస్తారు. కాలు విరిగాక ఎక్కడికి వెళ్లాలో మనకు బాగా గుర్తుంది. విరగకుండా చూసిన చెయ్యినే మరిచిపోయాం.

సాము పండుగ విద్యగా మారిందనడానికి పీర్ల పండుగ మంచి సాక్ష్యం. సీమ ఊళ్లలో హిందువులూ ముస్లిములూ కలిసి చేసే ఈ పండుగలో అలావు అనే నిప్పుల గుండం చుట్టూ అడుగులు పడతాయి, కర్రసాము జరుగుతుంది. ఈ పండుగ జరిగే మొహరం చాంద్రమానం మీద నడుస్తుంది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. ఏడాది పొడుగునా సాము చేసినవాడికి పండుగ ఏ కాలంలో వచ్చినా ఒకటే, కాళ్లు సిద్ధంగా ఉంటాయి. పండుగకు పది రోజుల ముందు మాత్రమే కర్ర పట్టుకునే కుర్రవాడికి అది ఒక ఏడు మండువేసవిలో, ఒక ఏడు వానలో, ఒక ఏడు చలిలో ఎదురవుతుంది. ఏ కాలంలో వచ్చినా పదకొండో రోజు అతను కుంటుతాడు. వారానికి రెండు సాయంత్రాలు మాత్రమే తరగతికి వచ్చి, మిగతా ఐదు రోజులు బల్లకు అతుక్కుపోయే విద్యార్థి పరిస్థితీ అంతకంటే మెరుగ్గా లేదు. ఇద్దరికీ కావలసింది కొత్త లేపనం కాదు. రోజూ పొద్దున్నే ఇరవై బస్కీలు, కొంత దూరం నడక, పాదాలకు ఇంత నూనె, సగం శక్తి దగ్గరే ఆగే ఓపిక. ఇవన్నీ కట్టుబడి కాపలాదారుకు మాన్యంతో పాటు దక్కాయి. వీటిలో తిరిగి సంపాదించుకోవడానికి కలెక్టరు ఉత్తర్వు అవసరమైనది ఒక్కటీ లేదు.