యుద్ధకాలంలో ఫ్రాన్స్ వ్యతిరేకత, వస్తు బహిష్కరణ, వాక్ స్వాతంత్ర్యం: 2003 నాటి అమెరికా అనుభవం

ఇరాక్‌పై యుద్ధానికి ఫ్రాన్స్ అడ్డు చెప్పిందన్న ఆగ్రహంతో 2003 తొలి నెలల్లో అమెరికాలో ఫ్రెంచి సరుకుల బహిష్కరణ మొదలైంది. వైన్ సీసాలను వీధిలో పారబోశారు. హోటళ్లలో వంటకాల పేర్లు మార్చారు. అదే ఊపులో, యుద్ధం వద్దన్న స్వదేశీ గాయకుల మీద, నటుల మీద కూడా బహిష్కరణ అస్త్రాన్నే ప్రయోగించారు. నచ్చని వస్తువు కొనకపోవడం పౌరుడి హక్కు, నచ్చని యుద్ధాన్ని విమర్శించడమూ పౌరుడి హక్కే. ఈ రెండూ ఎదురుపడినప్పుడు బహిష్కరణ ఎంత ఉధృతంగా సాగిందని చూస్తే సరిపోదు. దాన్ని నడిపించింది విడి విడి పౌరులా, ప్రభుత్వమా, వందల రేడియో స్టేషన్లు చేతిలో ఉన్న కంపెనీయా అన్నది తేల్చుకోవాలి. 2003 నాటి ఘటనలు ఈ తేడాను స్పష్టంగా చూపిస్తాయి.

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2002 నవంబరు 8న 1441వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇరాక్ ఆయుధ తనిఖీలకు పూర్తిగా సహకరించాలని, లేకుంటే తీవ్ర పరిణామాలు ఉంటాయని అది హెచ్చరించింది. ఆ తీర్మానమే యుద్ధానికి అనుమతి అని అమెరికా వాదించింది. తనిఖీలకు ఇంకా గడువివ్వాలని ఫ్రాన్స్, జర్మనీ, రష్యా పట్టుబట్టాయి. 2003 జనవరి 22న అమెరికా రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ ఫ్రాన్స్‌ను, జర్మనీని ‘పాత ఐరోపా’ అని తీసిపారేశారు. ఫిబ్రవరి 14న భద్రతా మండలిలో ఫ్రెంచి విదేశాంగ మంత్రి డొమినిక్ ద విల్‌పాన్ యుద్ధానికి వ్యతిరేకంగా ప్రసంగించినప్పుడు, ఆ సభామందిరంలో సాధారణంగా వినిపించని చప్పట్లు మోగాయి. మార్చి 10న అధ్యక్షుడు జాక్ షిరాక్ టీవీ ఇంటర్వ్యూలో, యుద్ధానికి దారితీసే తీర్మానం వస్తే ఫ్రాన్స్ వ్యతిరేకంగా ఓటు వేస్తుందని ప్రకటించారు. పది రోజుల్లో యుద్ధం మొదలైంది.

జర్మనీ, రష్యా కూడా యుద్ధాన్ని వ్యతిరేకించినా అమెరికన్ల కోపం ఎక్కువగా ఫ్రాన్స్ మీదే పడింది. జర్మనీకి లేని వీటో ఫ్రాన్స్‌కు ఉంది. పైగా 1944లో నార్మండీ తీరంలో దిగి ఫ్రాన్స్‌ను విడిపించింది తామేనని, ఆ రుణం తీర్చాల్సిన సమయంలో మొహం చాటేసిందని చాలామంది భావించారు. న్యూయార్క్ పోస్ట్ పత్రిక నార్మండీలోని అమెరికన్ సైనికుల సమాధుల ఫొటోను మొదటి పేజీలో వేసి ఈ మాటే అంది. గాలప్ సర్వేలో ఫ్రాన్స్ పట్ల సదభిప్రాయం ఉన్నవారు 2002 ఫిబ్రవరిలో 79 శాతం. 2003 మార్చికి వారు 34 శాతానికి తగ్గిపోయారు.

నార్త్ కరోలినాలోని బ్యూఫోర్ట్ అనే చిన్న ఊళ్లో ఒక హోటల్ యజమాని ఫ్రెంచ్ ఫ్రైస్ పేరును ‘ఫ్రీడమ్ ఫ్రైస్’గా మార్చాడు. ఆ రాష్ట్రానికి చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు వాల్టర్ జోన్స్, ఒహాయో సభ్యుడు బాబ్ నే కలిసి ఆ పేరును వాషింగ్టన్‌కు తీసుకెళ్లారు. సభ పరిపాలనా కమిటీ అధ్యక్షుడి హోదాలో నే 2003 మార్చి 11న ప్రతినిధుల సభ క్యాంటీన్లలో ఫ్రెంచ్ ఫ్రైస్, ఫ్రెంచ్ టోస్ట్‌ల పేర్లు మార్పించారు. దీన్ని హాస్యంగా చూసి వదిలేసినవారే ఎక్కువ. కానీ ఇక్కడ ఒక గీత దాటిన సంగతిని గమనించాలి. హోటల్ యజమాని చేసిన పని అతని సొంత అభిప్రాయ ప్రకటన. క్యాంటీన్ పట్టికలో మార్పు మాత్రం చట్టసభ అధికారంతో జరిగింది. కొందరు సభ్యులు ఇంకా ముందుకెళ్లి, అమెరికా మెరైన్ దళాలకు భోజనాలు అందించే సొడెక్సో కంపెనీ కాంట్రాక్టును, దాని మాతృసంస్థ ఫ్రెంచిదన్న కారణంతో, రద్దు చేయాలని కోరారు. ఆ భోజనశాలల్లో వండి వడ్డించేది అమెరికన్ కార్మికులే.

ఎవరి కోసం గురిపెట్టిన దెబ్బ ఎవరికి తగిలిందన్నది ఈ బహిష్కరణలో ముఖ్యమైన అంశం. ఫ్రెంచ్స్ ఆవపిండి సాస్ న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన అమెరికన్ సరుకు; ఆ పేరు వ్యవస్థాపకుల ఇంటిపేరు. అప్పటికి ఆ బ్రాండు బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉంది. తమ సరుకుకు ఫ్రాన్స్‌తో పేరు తప్ప మరే సంబంధమూ లేదని కంపెనీ ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. పెరియే నీళ్ల సీసా ఫ్రాన్స్ ఊటదే అయినా లాభం వెళ్లేది స్విట్జర్లాండ్‌కు చెందిన నెస్లేకు. కెంటకీ విస్కీగా పేరున్న వైల్డ్ టర్కీ మాత్రం అప్పట్లో ఫ్రెంచి కంపెనీ పెర్నో రికార్‌ది. సూపర్‌మార్కెట్ అమ్మకాలను పరిశీలించిన సోనాల్ పాండ్య, రాజ్‌కుమార్ వెంకటేశన్ ఈ ధోరణినే లెక్కల్లో చూపారు. పేరు వింటే ఫ్రెంచిదనిపించే అమెరికన్ బ్రాండ్లు సైతం ఆ నెలల్లో మార్కెట్ వాటా కోల్పోయాయి.

అసలు వైన్ అమ్మకాలు ఎంత పడిపోయాయన్న ప్రశ్నపై ఆర్థికవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. లారీ చావిస్, ఫిలిప్ లెస్లీ బోస్టన్, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో నగరాల దుకాణాల బిల్లింగ్ స్కానర్ లెక్కలు తీశారు. బహిష్కరణ తారస్థాయిలో ఉన్నప్పుడు ఫ్రెంచి వైన్ వారపు అమ్మకాలు 26 శాతం మేర తగ్గాయని, ఆరు నెలల మొత్తంలో ఆ తగ్గుదల 13 శాతమని వారు అంచనా వేశారు. ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ బృందం దీన్ని ఒప్పుకోలేదు. ఫ్రెంచి వైన్ అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యేది క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో. ఏటా ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి అది ఎలాగూ తగ్గుతుంది. అంతకుముందు కొన్నేళ్లుగా ఆస్ట్రేలియా వంటి దేశాల వైన్ ముందు ఫ్రెంచి వైన్ వాటా కరిగిపోతూనే ఉంది. ఈ రెండింటినీ మినహాయిస్తే బహిష్కరణ ప్రభావం కనబడదని వారి వాదన. సంవత్సరంలోని ఋతువులను లెక్కలోకి తీసుకోకుండా వచ్చిన అంకెలను నమ్మకూడదన్న వారి హెచ్చరిక సరైనదే. అయితే గై మైకెల్స్, షియాజియా జీ రెండు దేశాల మధ్య మొత్తం వ్యాపారాన్ని పరిశీలించి, ప్రజాభిప్రాయం చెడినందువల్ల అది సుమారు 9 శాతం తగ్గిందని తేల్చారు. ఈ ఫలితాన్ని పట్టించుకోక తప్పదు, ఎందుకంటే ఆ వ్యాపారంలో ఎక్కువ భాగం ఇళ్లకు చేరేది కాదు. కంపెనీలు కంపెనీల దగ్గర కొనే ముడిసరుకు, యంత్ర భాగాలు. అంటే కోపం వంటగదికే పరిమితం కాలేదు, కొనుగోళ్ల విభాగాల అధికారుల నిర్ణయాల్లోకీ చేరింది.

ఫ్రాన్స్ మీద కోపం అమెరికాలో మాటకు సంకెళ్లు వేయడం 2003లో కొత్త కాదు. అమెరికా తొలి రాజద్రోహ చట్టం పుట్టిందే ఫ్రాన్స్ వ్యతిరేకతలోంచి. 1797లో పారిస్ వెళ్లిన అమెరికా దూతలను ఫ్రెంచి విదేశాంగ మంత్రి టలేరాఁ మనుషులు లంచం అడిగారు. ఎక్స్‌వైజెడ్ వ్యవహారంగా పేరుపడ్డ ఆ సంగతి 1798 వసంతంలో బయటపడగానే దేశం భగ్గుమంది. జూన్‌లో ఫ్రాన్స్‌తో వ్యాపారాన్ని చట్టం చేసి ఆపేశారు. సముద్రంలో అప్రకటిత యుద్ధం సాగింది. జులై 14న అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సెడిషన్ చట్టంపై సంతకం చేశారు. ప్రభుత్వాన్ని, కాంగ్రెస్‌ను, అధ్యక్షుణ్ణి దురుద్దేశంతో అబద్ధాలు చెప్పి కించపరిస్తే 2 వేల డాలర్ల వరకు జరిమానా, రెండేళ్ల వరకు జైలు. ఈ రక్షణ ఉపాధ్యక్షుడికి లేదు. ఆ పదవిలో ఉన్నది ఫ్రాన్స్ పక్షపాతిగా ముద్రపడిన ప్రతిపక్ష నాయకుడు థామస్ జెఫర్సన్. చట్టం ఎవరి కోసమో ఈ ఒక్క మినహాయింపే చెబుతుంది.

వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్‌కు ఆ అక్టోబరులో నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా పడ్డాయి. ఓటర్లు ఆయన్ను జైలులో ఉండగానే మళ్లీ గెలిపించారు. ఆరోరా పత్రిక సంపాదకుడు, బెంజమిన్ ఫ్రాంక్లిన్ మనవడు అయిన బాష్‌ను చట్టం రాకముందే అరెస్టు చేశారు. విచారణ జరగకుండానే ఆయన పచ్చజ్వరంతో చనిపోయారు. న్యూజెర్సీలోని నెవార్క్‌లో ఆడమ్స్ గౌరవార్థం ఫిరంగులు పేల్చుతుంటే, ఆ గుండు ఆయన పిర్రకు తగిలినా తనకు బాధ లేదని లూథర్ బాల్డ్‌విన్ అనే వ్యక్తి తాగిన మైకంలో అన్నాడు. అందుకు అతణ్ణి కోర్టుకీడ్చి జరిమానా వేశారు. చట్టం గడువు 1801 మార్చి 3న ముగిసింది. అధికారంలోకి వచ్చిన జెఫర్సన్ శిక్ష పడ్డవారిని క్షమించారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ మిత్రదేశం, జర్మనీ శత్రువు. జర్మన్ క్యాబేజీ ఊరగాయకు అప్పుడు ‘లిబర్టీ క్యాబేజ్’ అని పేరు పెట్టారు. ఫ్రీడమ్ ఫ్రైస్‌కు ఆదర్శం ఇదే. ఆనాటి పేరు మార్పులను సరదాగా తలచుకునేవారు వాటి పక్కనే జరిగినవీ తలచుకోవాలి. 1918 ఏప్రిల్‌లో ఇల్లినాయ్‌లోని కాలిన్స్‌విల్‌లో రాబర్ట్ ప్రేగర్ అనే జర్మన్ వలస కార్మికుణ్ణి జనం ఉరితీశారు. సైన్యంలో చేర్చుకోవడాన్ని ఆటంకపరిచేలా ఉపన్యసించాడన్న నేరం మోపి సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కు పదేళ్ల శిక్ష వేస్తే, 1919లో సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది. బ్రాండెన్‌బర్గ్ కేసులో 1969లో వచ్చిన తీర్పు తర్వాతే, తక్షణ చట్టవిరుద్ధ చర్యకు ఉసిగొల్పితే తప్ప రాజకీయ ప్రసంగాన్ని శిక్షించకూడదన్న సూత్రం స్థిరపడింది. 2003లో యుద్ధ విమర్శకులెవరూ డెబ్స్‌లాగా జైలుకు వెళ్లకపోవడానికి ఈ సూత్రం ముఖ్య కారణం.

జైలు లేకపోయినా ఉపాధి మీద దెబ్బ పడింది. షిరాక్ ఇంటర్వ్యూ వచ్చిన మార్చి 10నే లండన్ వేదిక మీద డిక్సీ చిక్స్ గాయని నటాలీ మేన్స్, ఈ యుద్ధం తమకు వద్దని, అధ్యక్షుడు తమ టెక్సాస్ వాడైనందుకు సిగ్గుపడుతున్నామని అంది. ఆ వారం వారి పాట కంట్రీ సంగీత జాబితాలో అగ్రస్థానంలో ఉంది. అది వియత్నాం యుద్ధానికి వెళ్లిన సైనికుడి గురించిన పాట. కొద్ది రోజుల్లోనే చాలా రేడియో స్టేషన్లు ఆ బృందం పాటలను ఆపేశాయి. లూయిజియానాలో ఒక చోట వారి సీడీలను పోగుపెట్టి ట్రాక్టరుతో తొక్కించారు. క్యుములస్ కంపెనీ తన కంట్రీ స్టేషన్లన్నింటిలో నెల రోజుల పాటు వారి పాటలు వినిపించరాదని పైనుంచి ఆదేశించింది. జనం రికార్డులు కొనకపోతే వారు బాధపడనక్కర్లేదని, వాక్ స్వాతంత్ర్యం రెండు వైపులా ఉంటుందని అధ్యక్షుడు బుష్ అన్నారు.

శ్రోత విషయంలో బుష్ మాట నిజమే. క్యుములస్ విషయంలో నిజం కాదు. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం రేడియో యాజమాన్యంపై జాతీయ పరిమితిని ఎత్తివేశాక కొన్ని కంపెనీలు వందల స్టేషన్లను కొనేశాయి. క్లియర్ చానెల్ చేతిలోనే పన్నెండు వందలకు పైగా ఉండేవి. పాట వినాలా వద్దా అన్నది శ్రోత తేల్చుకోకముందే ప్రధాన కార్యాలయం తేల్చేసింది. 2003 జులైలో సెనేట్ వాణిజ్య కమిటీ విచారణలో, యుద్ధాన్ని సమర్థించిన రిపబ్లికన్ జాన్ మెకెయిన్ స్వయంగా క్యుములస్ అధిపతిని ఈ విషయంలో గట్టిగా నిలదీశారు.

రాజ్యాంగ తొలి సవరణ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ప్రైవేటు యజమానిని కాదు. ఆల్బనీ దగ్గరి ఒక షాపింగ్ మాల్‌లో 2003 మార్చిలో, అక్కడే చేయించుకున్న శాంతి నినాదపు టీ షర్టు విప్పనన్నందుకు ఒక లాయర్‌ను పోలీసులు అరెస్టు చేశారు. నమోదైన నేరం అతిక్రమ ప్రవేశం. నిరసనలు చెలరేగాక కేసు ఉపసంహరించుకున్నారు. తర్వాతి నెలలో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, నటులు టిమ్ రాబిన్స్, సూసన్ సరండన్‌ల యుద్ధ వ్యతిరేకతను కారణంగా చూపి, వారు నటించిన సినిమా వేడుకనే రద్దు చేసింది. ఇలాంటి చోట్ల కోర్టుకు పని ఉండదు. యాజమాన్యం ఎన్ని చేతుల్లో ఉంది, మాట్లాడేవారికి మరో వేదిక మిగిలిందా అన్నవే అసలు రక్షణను నిర్ణయిస్తాయి.

బహిష్కరించేవారి హక్కు మాటేమిటి? మిసిసిపీలోని పోర్ట్ గిబ్సన్‌లో నల్లజాతి ప్రజలు 1966లో తెల్లవారి దుకాణాలను బహిష్కరించారు. ఎన్‌ఏఏసీపీ వర్సెస్ క్లెయిబోర్న్ హార్డ్‌వేర్ కేసులో 1982లో సుప్రీంకోర్టు, రాజకీయ లక్ష్యంతో సాగే శాంతియుత బహిష్కరణకు తొలి సవరణ రక్షణ ఉందని చెప్పింది. అదే ఏడాది మరో కేసులో, అఫ్గానిస్తాన్ దురాక్రమణకు నిరసనగా సోవియట్ సరుకును ముట్టబోమన్న ఓడరేవు కార్మిక సంఘానికి మాత్రం ఆ రక్షణ నిరాకరించింది. సంఘం తన గొడవతో సంబంధం లేని వ్యాపారులను దెబ్బతీసిందన్నది కోర్టు చెప్పిన కారణం. విదేశాంగ విధానం మీద కోపంతో విదేశీ సరుకు మానేసే సామాన్య కొనుగోలుదారు ఈ రెండు తీర్పుల మధ్య నిలబడి ఉన్నాడు.

ఆ సందిగ్ధం నేటికీ తీరలేదు. ఇజ్రాయెల్‌ను బహిష్కరించబోమని ప్రభుత్వ కాంట్రాక్టర్లు రాసివ్వాలని ఆర్కన్సా రాష్ట్రం 2017లో చట్టం చేసింది. ఒక స్థానిక పత్రిక దాన్ని సవాలు చేసింది. కొనకపోవడమనే పని తనంత తాను భావ ప్రకటన కాదంటూ ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2022 జూన్‌లో ఆ చట్టాన్ని నిలబెట్టింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించింది. ఆ తర్కం ప్రకారం 2003లో ఫ్రెంచి వైన్‌ను వీధిలో పారబోసినవాడి చర్యకు రాజ్యాంగ రక్షణ ఉంటుంది. దుకాణంలో మౌనంగా ఆ సీసాను వదిలేసి మరో సీసా కొనుక్కున్నవాడి నిర్ణయానికి ఉండదు. క్లెయిబోర్న్ తీర్పు స్ఫూర్తికి ఇది విరుద్ధం.